చిగుళ్లు సలిపే నాలుగు నెలలు

మన దిక్కు ఊరకుక్కలు వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఎదకు వచ్చి, చలి ముదిరేలోపు ఈనుతాయి. ఏడాది పొడుగునా ఈనేవీ ఉంటాయి గానీ, నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో గడ్డివాము సందున కళ్లు తెరవని కూనలు కుప్పగా కనిపించేది ఎక్కువగా కార్తీక, మార్గశిర మాసాల్లోనే. పిల్లలు ఏడ్చి గోలచేసి వాటిలో ఒకదాన్ని ఇంటికి తెచ్చుకుంటారు. సంక్రాంతి దాకా ముద్దే ముద్దు. శివరాత్రి నాటికి చెప్పుల అంచులు చిరుగుతాయి. ఉగాది వచ్చేసరికి చీర కొంగు, చార్జర్ వైరు, నవారు మంచం పట్టీ, చిన్నోడి బడి సంచి అన్నీ దాని నోట్లోనే. అప్పుడు ఇంట్లో మాట మారుతుంది. "ఏం పోయేకాలం వచ్చిందిరా దీనికి? తీస్కపోయి చెరువుకట్ట కాడ ఇడిసిపెట్టి రా!"

ఆ మాట అనే ముందు దాని పై పెదవి ఒక్కసారి ఎత్తి చూడండి. చిగుళ్లు ఎర్రగా వాచి ఉంటాయి. ముందు వరుసలో ఒకచోట ఖాళీ, దాని పక్కన అప్పుడే తెల్లగా తొంగిచూస్తున్న వెడల్పాటి పన్ను. కుక్కపిల్లకు పాలపండ్లు 28. మూడో వారం నుంచి మొలిచి, రెండు నెలలు నిండేసరికి అన్నీ వస్తాయి. మూడున్నర నెలలప్పటి నుంచి కింద తయారైన గట్టి పండ్లు పైకి తోసుకొస్తుంటే పాలపండ్ల వేళ్లు కరిగిపోయి, ఒక్కొక్కటే ఊడతాయి. ముందు కొరికే పండ్లు, ఐదో నెల అటూఇటూగా కోరలు, చివరకు దవడ పండ్లు. ఏడు నెలలకు 42 పండ్ల నోరు సిద్ధం. కార్తీకంలో పుట్టిన కూన అయితే ఈ పని శివరాత్రికి మొదలై మృగశిర కార్తె దాకా సాగుతుంది. మన దగ్గర ఎండ 45 డిగ్రీలకు ఎక్కే రోజులు, దాని నోరు సలిపే రోజులు ఒకటే అన్నమాట. వేడికి మనకే చిరాకు, నొప్పికి దానికి చిరాకు. ఇంటి గొడవలో సగం ఇక్కడే ఉంది.

ఊడిన పన్ను మీకు దొరకకపోవచ్చు. తిండితో పాటు మింగేస్తుంది, దాని వల్ల నష్టం లేదు. కొరికిన గుడ్డ మీద చిన్న రక్తపు మరక, కాస్త ఎక్కువ చొంగ, ఒకపూట తిండి దగ్గర వెనకాముందాడటం, నోటి నుంచి కొద్దిపాటి వాసన, ఇవన్నీ మామూలే.

కొరకడం దానికి అల్లరి కాదు, ఉపశమనం. దవడతో గట్టిగా నొక్కితే సలుపు కాసేపు తగ్గుతుంది. కాబట్టి 'కొరకొద్దు' అని మీరు ఎన్నిసార్లు అరిచినా అది ఆగదు, ఆగలేదు. ఏది కొరకాలో మీరు ముందే దాని నోటికి అందిస్తే మాత్రం చెప్పు జోలికి రాదు. ఈ అధ్యాయంలో మిగతా సంగతుల్లో చాలావరకు ఈ ఒక్క పనికి సంబంధించినవే.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని మనకొక సామెత ఉంది. పండ్లు మారే కూన దగ్గర అది బొత్తిగా పనికిరాదు. అది వెతుకుతున్న చెప్పునే మనం చేతబట్టుకుని దాని మూతి దగ్గరికి తెస్తాం. అది ఆట అనుకుని ఇంకా ఎగబడుతుంది, లేదా దెబ్బకు జడిసి ఆ చేతిని చూస్తేనే పండ్లు చూపించడం నేర్చుకుంటుంది. రెండోది ఇంకా ప్రమాదం. వేమన కూడా చెప్పు కొరికే కుక్కను అల్పబుద్ధికి పోలికగా వాడుకున్నాడు. ఆయన లోకం తీరు చెప్పదలచుకున్నాడు, కుక్క తీరు కాదు కాబట్టి క్షమించేద్దాం.

ఇక చేయవలసిన పని. చిగుళ్లకు చల్లదనం ఎంత హాయో పసిపిల్లల తల్లులకు తెలుసు. ఒక పాత దస్తీ గానీ, చిరగని తువ్వాల ముక్క గానీ తీసుకోండి. అంచు కుట్టు గట్టిగా ఉండాలి, పోగులు ఊడేది వద్దు. మంచినీళ్లలో తడిపి, తాడులాగా మెలిపెట్టి, మధ్యలో ఒక ముడి వేసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు గంటల్లో బిగుసుకుంటుంది. ఒక కొస మీరు పట్టుకుని రెండో కొస దానికి అందించండి. మొదట నాకుతుంది, తర్వాత ముడిని వెనక దవడ కిందికి జరుపుకుని కళ్లు సగం మూసి నములుతుంది. మన ఎండలకు పది నిమిషాల్లో గుడ్డ మెత్తబడిపోతుంది, అందుకే రెండు చేసి పెట్టుకుని మార్చి మార్చి ఇవ్వాలి. మెత్తబడ్డ గుడ్డను దానికి వదిలేసి మీ పని మీద పోవద్దు. పీలికలు చేసి మింగుతుంది.

ఫ్రిజ్ లేని ఇంట్లోనూ ఇది సాగుతుంది. రంజను అడుగున తడి ఇసుక ఉంటుంది కదా, ఆ తడిలో ఒక పళ్లెం పెట్టి మెలిపెట్టిన గుడ్డను అందులో ఉంచండి. గడ్డ కట్టదు గానీ చల్లగా ఉంటుంది. చిగుళ్లకు కావలసింది ఆ చల్లదనమే. గడ్డకట్టి తీరాలన్న నియమమేమీ లేదు. నిజానికి గట్టి ఐస్‌గడ్డలు ఇవ్వకపోవడమే మేలు. కొత్తగా వచ్చిన పన్ను పైకి పెద్దగా కనిపించినా లోపల గోడలు పలుచగా ఉంటాయి, మరీ గట్టిదాన్ని కొరికితే చిట్లుతుంది.

ఫ్రిజ్‌లో చల్లబెట్టిన లావుపాటి క్యారెట్ మంచిది. ముక్కలు కోయకుండా నిండుది ఇవ్వాలి, కొరికీ కొరికీ బొటనవేలంత మిగిలాక తీసేయాలి. కీరదోస కూడా సరే. ఉప్పులేని పెరుగును స్టీలు గిన్నె అడుగున పలుచగా పూసి గడ్డకట్టిస్తే చాలాసేపు నాకుతుంది. గిన్నె తీసిన వెంటనే ఇవ్వకుండా రెండు నిమిషాలు బయట ఉంచండి, మరీ చల్లటి లోహానికి నాలుక అతుక్కుంటుంది.

తిండి మెత్తగా ఉండాలి. మన పల్లెల్లో కూన తిండి అంటే జొన్నరొట్టె ముక్కలు. ఆ రొట్టెనే మజ్జిగలో నానబెట్టి, ఉడికిన గుడ్డు చిదిమి కలిపితే నొప్పి నోటికి హాయి, బొక్కలకు బలం. గటుకలో మజ్జిగ పోసి ఇచ్చినా తింటుంది. దుకాణంలో కొన్న గింజల తిండి అయితే గోరువెచ్చని నీళ్లలో పావుగంట నాననివ్వండి. ఒక్కటే హెచ్చరిక: రొట్టెను మన కూరలో అద్ది పెట్టొద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. మన కూరల్లో ఆ రెండూ లేనిది ఏది? పండ్లు గట్టిగా రావాలని కాల్షియం సిరప్ పోసేవాళ్లూ ఉన్నారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతి కూనకు ఎక్కువ కాల్షియం పోస్తే ఎముకల పెరుగుదలే చెడుతుంది. డాక్టరు రాస్తే తప్ప ఆ సీసా ముట్టుకోవద్దు.

ఏది ఇవ్వకూడదో కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇండ్లలో ప్రమాదమంతా ప్రేమగా విసిరేసే ముక్కలోనే ఉంటుంది. ఆదివారం మటన్ తిన్నాక నల్లి బొక్క చప్పరించి కూన ముందు పడేస్తాం. ఆ గుండ్రటి బొక్క కింది దవడకు కడియంలా తగులుకుని ఊడిరాక, కత్తిరించి తీయించుకోవలసి వచ్చిన కుక్కలు ఉంటాయి. ఉడికిన కోడి బొక్క నిలువునా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. మక్క కంకి కాల్చుకుని తిన్నాక మిగిలే బెండు ఇంకా మోసగత్తె: ముద్దుగా నములుతున్నట్టే ఉంటుంది, ముక్క మింగితే అరగదు, పేగుకు అడ్డం పడుతుంది. వేసవిలో మామిడి టెంకా అంతే. కొల్లాపూర్ మామిడి ఇంటికొచ్చే రోజులే దవడ పండ్లు వచ్చే రోజులు, టెంకలను మూత ఉన్న బుట్టలో వేయండి. యూరియా సంచి పోగులు, నైలాన్ తాడు, పాత పగ్గం కొసలు మింగితే పేగులు ముడుచుకుపోతాయి. ఏ వస్తువైనా ఇచ్చే ముందు మీ బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. గోరు కొంచెమైనా దిగకపోతే అది ఆ పండ్లకు మరీ గట్టిది.

పత్తి పండించే ఇండ్లలో ఇంకొక భయం ఉంది. పిచికారీ అయిపోయాక పురుగుమందు డబ్బా అడుగున కొంచెం మిగులుతుంది, దాన్ని వసారాలో ఒక మూలకు పెడతాం. సలిపే నోటికి ఆ ప్లాస్టిక్ మూత చక్కగా అందుతుంది. ఆ డబ్బాలకు తాళం వేసే చోటు ఇంతకుముందే ఉండాలి, లేకపోతే కూన పేరు చెప్పి ఇప్పుడైనా చూసుకోండి, ఇంట్లో పిల్లలూ ఉన్నారు. చార్జర్ వైర్లు, కూలర్ వైరు నేలమట్టం నుంచి పైకి కట్టేయాలి. బీడీ ముక్కలు, గుట్కా పొట్లాలు, ఎలుకల మందు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

మందుల మాట. పసిపిల్లల చిగుళ్లకు రాసే జెల్, పంటినొప్పికి పెట్టుకునే లవంగ నూనె, డబ్బాలో మిగిలిన పారాసెటమాల్ ముక్క, ఐబుప్రోఫెన్, వీటిలో ఏదీ కుక్కపిల్లకు ఇవ్వకూడదు. మనకు మందైనది దానికి విషం కావచ్చు, ఐబుప్రోఫెన్ అయితే కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. చల్లటి గుడ్డకు తగ్గనంత నొప్పి అనిపిస్తే అది పశువైద్యుడు చూడవలసిన నోరు.

మన ఇండ్లలో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. పసిబిడ్డకు విరేచనాలైతే నాయనమ్మ, "పండ్లొస్తున్నయ్ బిడ్డా, గట్లనే అయితది, ఏం గాదు" అంటుంది. కూన విషయంలోనూ అదే మాట. పండ్ల వల్ల వాంతులు కావు, నెత్తురు విరేచనాలు అసలే కావు. ఈ వయసులో ఆ లక్షణాలు కనిపిస్తే ముందు అనుమానించవలసింది పార్వోను. 1978లో ప్రపంచానికి తొలిసారి తెలిసిన ఈ వైరస్ టీకా పడని కూనను రెండు మూడు రోజుల్లోనే నీరసింపజేసి చంపగలదు. ఏం గాదులే అని ఆగిన ఒక్క రాత్రే చాలాసార్లు ప్రాణానికి ఖరీదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి.

ఆ టీకాలోనే డిస్టెంపర్ అనే జబ్బుకూ రక్షణ ఉంటుంది, దానికీ పండ్లకూ సంబంధం ఉంది. పండ్లు చిగురు లోపల తయారవుతున్న రోజుల్లో కూనకు డిస్టెంపర్ వచ్చి బతికితే, తర్వాత వచ్చే గట్టి పండ్ల మీద పింగాణీ పొర సరిగా ఏర్పడదు. గుంతలు పడి, గోధుమరంగు మచ్చలతో వస్తాయి.

మచ్చల పండ్లంటే నల్లగొండ వాళ్లకు ఇంకొకటి గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరాలను వంచింది. నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని లెక్క. ఈ ప్రాంతం పేరుతోనే పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే 'నల్లగొండ పద్ధతి'ని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేశారు. మనిషి పండ్లకు గార పట్టించిన నీళ్లు గొడ్ల పండ్లనూ వదలవు, కుక్క పండ్లు అందుకు మినహాయింపు కావు. గట్టి పండ్ల మీది పింగాణీ పొర, పన్ను బయటికి రాకముందే, పుట్టిన మొదటి మూడు నాలుగు నెలల్లో చిగురు లోపలే తయారైపోతుంది. కాబట్టి కూన ఇంటికొచ్చిన రోజు నుంచే దాని గిన్నెలో మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోయండి, పాత బోరు నీళ్లు గాబులో ఉన్నాయి కదా అని వాటినే పెట్టొద్దు. కాచి పోస్తే సరిపోతుంది అనుకోవద్దు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది తప్ప పోదు.

ఇప్పుడు చేతుల సంగతి. కూన చెప్పు తర్వాత ఎక్కువగా కొరికేది వేళ్లను, మడమలను. తోబుట్టువులతో ఆడుకునేటప్పుడు ఒకటి గట్టిగా కరిస్తే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత గట్టిగా పట్టాలో అక్కడే నేర్చుకుంటుంది. నెల తిరక్కుండానే తల్లి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చిన కూనకు ఆ చదువు ఉండదు, దాని కాటు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెప్పడంలో న్యాయం ఉంది. మీ కూన ఆ చదువు లేకుండానే వచ్చి ఉంటే మీరే నేర్పాలి. పండ్లు చర్మానికి తగలగానే చేయి గుంజుకోవద్దు, గుంజితే అది వెంటాడే ఆటవుతుంది. చేతిని కదపకుండా ఆపి, "అబ్బా" అని ఒక్క మాట అని, లేచి అటు తిరగండి. అర నిమిషం దాని వంక చూడొద్దు. తర్వాత వచ్చి చల్లటి గుడ్డ అందించండి. ఇంట్లో ఒక్కరు ఇలా చేసి, తమ్ముడేమో దాని మూతితో కుస్తీ పడుతుంటే ఫలితం ఉండదు. ఇంటిల్లిపాది ఒకే తీరుగా ఉండాలి.

సాయంత్రం ఏడు గంటలకు పిచ్చెత్తినట్టు అందరి కాళ్లనూ పట్టుకునే కూనలు ఉంటాయి. దానికి ఆట చాలలేదు అనుకుని ఇంకా ఆడిస్తారు. చాలాసార్లు దానికి చాలనిది నిద్ర. ఈ వయసు కూన రోజుకు 16 నుంచి 18 గంటలు పడుకోవాలి, పిల్లల గోలలో దానికి అది దొరకదు. ఇంట్లో చీకటిగా, చల్లగా ఉండే ఒక మూలకు గోనెసంచి పరిచి, తడి గుడ్డ ముడి పక్కన పెట్టి పడుకోబెట్టండి. మీరూ పొలం నుంచో ఆఫీసు నుంచో అప్పుడే అలసి వచ్చి ఉంటారు. అలసిన ఇద్దరినీ కాసేపు వేరు చేస్తే సగం అరుపులు తగ్గిపోతాయి.

గొర్రెల మందతో పెరిగే కూన ఉన్న కురుమ, గొల్ల కుటుంబాలకు ఒక మాట. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశానికే మొదటి స్థానం తెలంగాణది, అందులో పాలమూరు మందల వాటా పెద్దది. పండ్లు మారే నెలల్లో కూన గొర్రెపిల్లల చెవులు పట్టి గుంజుతుంది. అది వేటబుద్ధి కాదు, నోటి దురద. ఆ కొద్ది నెలలు దాన్ని పిల్లల దొడ్లో కాకుండా పెద్ద గొర్రెల మధ్య ఉంచండి. ఎక్కువ చేస్తే అవే కుమ్మి బుద్ధి చెబుతాయి.

ఇక్కడిదాకా కొరకడాన్ని సహించమన్నాను. ఒక్కచోట మాత్రం సహనం కుదరదు. చర్మం గీసుకుపోయి నెత్తురు వచ్చినా, పండ్ల గాటు పడినా, "కూన కొరికితే ఏం గాదు, పెద్ద కుక్కకే రేబిస్" అనే మాట నమ్మొద్దు. రేబిస్ వైరస్ చొంగలో ఉంటుంది, కూనకూ సోకుతుంది. టీకా పడని వీధికుక్క కూనను మీరు ఇంటికి తెచ్చి ఉంటే దాని తల్లి చరిత్ర మీకు తెలియదు. గాటు పడిన వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, ఏదీ పూయొద్దు. నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, మూడు, ఏడు, 28వ రోజుల్లో వేస్తారు. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలేమో డాక్టరు చూస్తారు. రోగం బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, కాబట్టి ఇందులో మొహమాటం పనికిరాదు. కూనకు రేబిస్ టీకా మూడు నెలలకు వేయిస్తారు, అంటే పండ్లు కదలడం మొదలయ్యే ముందే. ఏటా జూలై 6న జూనోసిస్ దినం నాడు చాలా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. అయితే ఆ రోజు కోసం ఆగాల్సిన పనిలేదు, వయసు నిండగానే వేయించండి.

అలాగే చొంగ ఎక్కువైందని ప్రతిసారీ నోట్లో వేలు పెట్టి చూడొద్దు. కింది దవడ వేలాడి, నీళ్లు మింగలేక, గొంతు మారి, మూల దాక్కుంటే అది రేబిస్ కావచ్చు, ఆ కూనను చేత్తో ముట్టకుండా గదిలో వేసి గడియపెట్టి పశువైద్యుడికి ఫోన్ చేయండి.

ఏడో నెలలో చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుంది, చాలామంది దాన్ని మరిచిపోతారు. వెలుతురులో కూర్చుని, దాని తల మీ మోకాలికి ఆనించి, రెండు వైపులా పై పెదవి ఎత్తండి. కోరపన్ను దగ్గర ఒక్కటే ఉందా, రెండా? లావాటి కొత్త కోర పక్కనే సన్నటి పాత కోర ఊడకుండా నిలిచి ఉంటే, ఆ సందులో తిండి ఇరుక్కుని చిగురు చెడుతుంది, కొత్త పన్ను పక్కకు తిరిగి అంగిటికి గుచ్చుకోవచ్చు. పొమరేనియన్ లాంటి చిన్న జాతుల్లో ఇది ఎక్కువ, ఊరకుక్కల్లో తక్కువ. దాన్ని ఇంట్లో పట్టకారుతో పీకే సాహసం చేయొద్దు. పాలకోర వేరు పైకి కనిపించే భాగం కన్నా చాలా పొడుగు, విరిగితే లోపల ఉండిపోతుంది. మత్తు ఇచ్చి తీయాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించే ఆలోచన ఉంటే అదే మత్తులో ఆ కోరనూ తీయించమని డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. రెండు పనులూ ఒకేపూట అయిపోతాయి.